గుప్పెడు దుమ్ము, మూడు రాళ్లు

అల్మాస్‌గూడలో మా ఇంటి ముందు కారు డిక్కీ మూతపడక అరగంట అవస్థ పడ్డాం. బెల్లం ముద్దలు, 20 లీటర్ల నీళ్ల డబ్బాలు రెండు, గంజు, కొత్తగా కొన్న నైలాన్ గుడారం, వీటన్నిటి మధ్య 5 కిలోల చిన్న సిలిండరు. దాన్ని చూడగానే మా అత్తమ్మ మొహం మాడ్చుకుంది.

“మేడారం పోయి గ్యాసు మీద వండుతరా?”

“పిల్లలకు పాలు కాచడానికే అత్తమ్మా” అన్నాను. నమ్మలేదు.

2024 ఫిబ్రవరి 20, మంగళవారం. మేడారం జాతరలో మర్నాడు సారలమ్మ, ఆ మర్నాడు సమ్మక్క గద్దెకొస్తారు. కర్మన్‌ఘాట్, ఎల్బీనగర్, ఉప్పల్ దాటి వరంగల్ రోడ్డెక్కేసరికి ఇంకా చీకటే. ములుగు దగ్గర గట్టమ్మకు కొబ్బరికాయ కొట్టకుండా ముందుకెళ్లడం మా ఇంట్లో లేదు. అక్కడి నుంచి పస్రా, నార్లాపూర్ దాకా కార్లు, ట్రాక్టర్లు, డీసీఎంలు ఒకదాని వెనక ఒకటి నత్తనడక. కోటిమంది వచ్చే జాతర అని అధికారులు చెబితే అతిశయం అనుకునేదాన్ని. ఆ రోడ్డు మీద ఆ అనుమానం పోయింది.

మాకు దొరికిన జాగా కోసిన వరిమడి. మా ఆయన గుడారం సంచి విప్పబోతే అత్తమ్మ ఆపింది. వంగి గుప్పెడు దుమ్ము తీసి, భుజమంత ఎత్తు నుంచి వేళ్ల సందుల్లోంచి మెల్లగా వదిలింది. దుమ్ము పడమటికి పోయింది. రెండోసారి వదిలింది. అటే పోయింది.

“గుడారం ఈడ. పొయ్యి గాడ” అని పడమటివైపు పది పన్నెండు అడుగులు వేసి నిలబడింది. నిప్పురవ్వలు గుడారం మీదికి కాక అవతలికి పోవాలి, అదీ లెక్క. పొయ్యి చుట్టూ రెండు మూరల మేర వరికొయ్యలు పారతో చెక్కేయించి, మట్టి తేలాకే రాళ్లు తెమ్మంది.

మా పెద్దోడు జంపన్న వాగు నుంచి నున్నటి గుండ్రాళ్లు మూడు మోసుకొచ్చాడు. వాడి గొప్ప వాడిది. అత్తమ్మ ఒక్కటి కూడా ఒప్పుకోలేదు.

“వాగు రాయి పగుల్తది బిడ్డా. కండ్లల్ల పడ్తది.”

నీళ్లలో నానిన రాయి లోపల తడి పట్టి ఉంటుంది. సెగ తగిలితే ఆ తడి ఆవిరై, బయటపడే దారిలేక రాయిని చీల్చుకుని వస్తుంది. ఈ సంగతి నేను తర్వాత ఆలోచించుకుని చెప్పిందే. అత్తమ్మ చెప్పింది మాత్రం, చిన్నప్పుడు వాళ్ల బాపు ముందర అట్లా పేలి గంజు పక్కకు ఒరిగిందని. చివరికి మడిగట్టు మీది ఎండురాళ్లు పెట్టాం.

బుధవారం అమ్మవారికి యాట కోశాం. మాంసం కడగడానికి వాగు నీళ్లు ముట్టలేదు. అన్ని వేలమంది మునుగుతున్న నీళ్లవి, స్నానానికి వేరు, వంటకు వేరు. పచ్చిమాంసం కోసిన కత్తి, పీట ఒకవైపు, ఉల్లిగడ్డ కోసినవి మరోవైపు. దీనికి నన్ను “డాక్టరమ్మ” అని వెక్కిరించారు, పడ్డాను. నేను సింథటిక్ చున్నీతో పొయ్యి దగ్గరికెళ్తే మాత్రం అత్తమ్మ నా చేతిలోంచి గంటె లాక్కుంది. “నూలుది కట్టుకొని రా.” తన కొంగు అప్పటికే నడుముకు దోపి ఉంది. పక్క గుడారాలన్నింటి నుంచీ కట్టెల పొగ, మసాలా వాసన, డప్పుల మోత. ఆ పులుసు రుచి ఇంటి స్టవ్వు మీద రాదు, ఎన్ని విజిళ్లు వేయించినా. మిగిలిన కూర పొద్దటికి దాస్తామంటే నేనొద్దన్నాను. పక్కవాళ్లను పిలిచి పెట్టేశాం.

చిన్న స్టవ్వు విషయంలో అత్తమ్మ అనుమానం సగం నిజమే అయింది. పాలు కాస్తుంటే గాలికి మంట ఆరిపోయింది. గ్యాసు మాత్రం వస్తూనే ఉంది. వాసన తగిలి తిప్పేశాను. వంటగ్యాసు గాలి కన్నా బరువు, పైకి లేచిపోదు, నేలబారున పాకుతుంది. పొయ్యిలో నిప్పులుండగా అది అటు పాకి ఉంటే ఏమయ్యేదో! తర్వాత పెద్ద పొయ్యి మండుతున్నంతసేపూ దాన్ని వెలిగించలేదు.

ఆ రాత్రి అడవి చలి ఎముకల్లోకి దిగింది. పిల్లలిద్దరూ గుడారంలో ముడుచుకుని పడుకున్నారు. మా ఆయన ఇనుప తట్టలో నిప్పులు ఎత్తుకొచ్చి లోపల పెట్టి, జిప్పు వేశాడు. ఎర్రగా, నివురుగప్పి, చూడముచ్చటగా ఉన్నాయి. పావుగంటకు చిన్నోడు “తల నొస్తుందమ్మా” అని లేచాడు. నేను తట్ట బయటికి తోసి, జిప్పులన్నీ లాగేసి, వాళ్లను చలిలోకి తీసుకొచ్చాను. తలనొప్పి నిప్పుల వల్లో, పగలంతా ఎండలో తిరిగినందుకో ఇప్పటికీ చెప్పలేను.

“పొగ లేదు గద, ఏమైతది?” అంది అత్తమ్మ నిజంగానే ఆశ్చర్యపోతూ.

అక్కడే ఉంది అసలు చిక్కు. పొగలేని నిప్పుల నుంచి కూడా కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. రంగు లేదు, వాసన లేదు. ప్రాణవాయువు కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా రక్తాన్ని పట్టుకుంటుంది, నిద్రలోనే మనిషిని తీసుకుపోతుంది. మరి అత్తమ్మకు ఆ భయం ఎందుకు లేదు? వాళ్ల కాలపు గుడారమంటే ఎడ్లబండి నొగలు ఎత్తి, మీద దుప్పట్లు కప్పడమే. రెండు పక్కలా తెరిచే ఉండేది. ఆ దుప్పట్ల కింద కుంపటి పెట్టుకుంటే ఎవరికీ ఏమీ కాలేదు. జిప్పు వేసిన నైలాన్ గుడారాన్ని ఆమె అనుభవం చూడలేదు. గాలి ఎటు పోతుందో ఆమెకు తెలుసు. గాలి పోని ఇల్లొకటి కొనుక్కొచ్చింది మేము.

గురువారం సాయంత్రం చిలకలగుట్ట వైపు తుపాకీ పేలింది. సమ్మక్క దిగింది! పొయ్యి వదిలేసి అందరం పరుగెత్తబోయాం. అత్తమ్మ మాత్రం చెంబుడు నీళ్లు తెచ్చి నిప్పుల మీద పోసి, కట్టెతో కలిపి, మళ్లీ పోసింది. పక్కవాళ్లు పొయ్యి మీద ఇసుక కప్పి పోయారు. తిరిగొచ్చాక వాళ్ల పిల్ల దాన్ని ఉత్త ఇసుక అనుకుని వట్టికాళ్లతో తొక్కబోతుంటే మా పెద్దోడు రెక్క పట్టి లాగాడు. ఇసుక కింద నిప్పు తెల్లారేదాకా బతికే ఉంటుంది.

శుక్రవారం మొక్కులు తీర్చుకుని గుడారం ముడుస్తుంటే, అప్పుడే దిగిన ఒక కుటుంబం వచ్చి అడిగింది.

“అమ్మా, పొయ్యి ఇడుస్తున్నరా?”

“తీస్కోండ్రి” అంటూనే అత్తమ్మ వంగి గుప్పెడు దుమ్ము తీసింది. వేళ్ల సందుల్లోంచి వదిలి కాసేపు చూసింది.

“పొద్దటి నుంచి గాలి మళ్లింది. రాళ్లు జర అటు జరుపుకోండ్రి.”