జామాయిల్ కొమ్మ మీద

మా దర్శి మెట్టల్లో జామాయిల్ అంటే కాగితం మిల్లుకు పోయే కర్ర, అంతే. ఆ ఆకును మేకలు కూడా ముట్టవు. అలాంటిది మెల్‌బోర్న్‌లో అమ్మాయి దగ్గరికి వెళ్ళినప్పుడు, గ్రేట్ ఓషన్ రోడ్డులో కెన్నెట్ రివర్ దగ్గర కారాపి మనవరాలు చెయ్యెత్తి చూపిస్తే, ఆ జాతి చెట్టు పంగలోనే బూడిదరంగు ముద్దొకటి కూర్చుని ఆకు నములుతోంది. కోలా!

"మేకలకు తెలియని రుచి దీనికేం తెలిసిందో" అంది మా ఆవిడ.

రుచి సంగతేమో గానీ, ఆ ఆకులో విషముంది, సత్తువ తక్కువ. అరిగించుకోవడానికే కోలా పేగుకు రెండు మీటర్ల దాకా పొడవుండే తిత్తి ఉంటుంది. మిగతా పని నిద్ర. రోజుకు 18 నుంచి 20 గంటలు! చూడ్డానికి ఎలుగుపిల్లే గానీ, నిజానికి కంగారూలాగా సంచిలో పిల్లను మోసే జాతి.

కంగారూలనూ చూశాం. బాగానే ఉన్నాయి. నా మనసు మాత్రం కోలా దగ్గరే ఆగింది. క్వీన్స్‌లాండ్, న్యూ సౌత్ వేల్స్‌లలో వీటిని 2022లో అంతరించిపోయే ప్రమాదమున్న జాతిగా ప్రకటించారు. అడవుల నరికివేత, కార్చిచ్చులు, జబ్బులు కారణం.

"ఇక్కణ్ణుంచి జామాయిల్ చెట్టును తెచ్చుకున్నాం, దీన్నెందుకు తెచ్చుకోలేదు?" అని మా ఆవిడ అడిగితే, మనవరాలు నవ్వింది: "మీ ఊరి ఎండకా, అమ్మమ్మా?"