తూకమునకు రాని సరకు

ఇచ్చిపుచ్చుకొనుట లోకసహజము. నాణెములు వాడుకలోనికి రాకపూర్వము మానవుడు ధాన్యమిచ్చి ఉప్పు తెచ్చుకొనెను. మేకనిచ్చి కుండలు తెచ్చుకొనెను. నాణెములు వచ్చి ఎన్నో వందల ఏండ్లు గడచినను ఆ అలవాటు మనలను పూర్తిగా విడువలేదు. పాతబట్టలు పుచ్చుకొని గిన్నెలిచ్చువారి కేకలు మన వీధులలో నేటికిని వినవచ్చుచునే యున్నవి. ఇక బడిపిల్లల సంగతి చెప్పనేల? గోళీకి బలపమును, బలపమునకు నెమలియీకను మార్చుకొనని బాల్యము ఎవ్వరికి గలదు?

అయితే ఈ మార్పిడిలో ఒక చిక్కు కలదు. ఏ వస్తువును బేరమునకు పెట్టవచ్చును? దేనిని పెట్టరాదు? ఈ ప్రశ్నను నా ముందుంచినది మా ఇంటి పిల్లలు మిక్కిలి ప్రీతితో చూచు ఒక బొమ్మల చిత్రము.

ఆ చిత్రమాల పేరు 'మై లిటిల్ పోనీ: ఫ్రెండ్‌షిప్ ఈజ్ మ్యాజిక్'. రంగురంగుల చిన్న గుఱ్ఱములు మనుష్యులవలె మాటలాడుచు, ఊళ్లు కట్టుకొని, ఒండొరులతో చెలిమి నెఱపుట అందలి కథ. అది 2010 అక్టోబరులో అమెరికా టెలివిజనులో ఆరంభమై 2019 అక్టోబరు వరకు సాగినది. దానిని తీర్చిదిద్దిన చిత్రకారిణి లారెన్ ఫాస్ట్. చిన్న బాలికలను ఉద్దేశించి తయారైన ఈ చిత్రమును పెద్దలు సైతము అభిమానించుట ఒక వింత. అమెరికాలోని బాల్టిమోర్ నగరమున 2015లో జరిగిన అభిమానుల సమావేశమునకు పదివేలమందికి పైగా వచ్చిరి. మా మనుమరాలు, ఆమె స్నేహితులు అంత దూరము పోలేదు గాని, వారి అభిమానము మాత్రము బాల్టిమోర్ వారి అభిమానమునకు తీసిపోదు.

అందులో 2014 ఏప్రిలులో వెలువడిన ఒక కథ పేరు 'ట్రేడ్ యా!'. రెయిన్‌బో ఫాల్స్ అను చోట పెద్ద సంత జరుగును. అక్కడ ఎవ్వరును డబ్బిచ్చి కొనరు. వస్తువునకు వస్తువే వెల. రెయిన్‌బో డ్యాష్ అను సాహసవంతురాలైన గుఱ్ఱమునకు ఒక పుస్తకముపై మనసు పడినది. అది ఆమెకు ప్రాణప్రదమైన కథానాయిక గుఱించిన పుస్తకము. అందును మొదటి ముద్రణ ప్రతి. ఆ ప్రతి గల వర్తకుడు దానికి బదులుగా రెండు తలల కుక్కను మాత్రమే కోరెను. డ్యాష్ వద్ద ఉన్నదో, ఒక పాత గుఱ్ఱపు నాడా! ఆ నాడాతో బయలుదేరి, ఒకరికి కావలసినది మఱియొకరి వద్ద సంపాదించుచు, సంతయంతయు తిరిగి, తుదకు ఆ కుక్కను సాధించెను. ఈ తిరుగుటలో ఆమెకు తోడుగా నిలిచినది ఫ్లటర్‌షై అను స్నేహితురాలు. ఫ్లటర్‌షై మృదుస్వభావ; జంతువులను మచ్చిక చేయుటలో నేర్పరి.

కాని ఆ కుక్క వర్తకుని మాట విననిదాయెను. దానికి శిక్షణ నిచ్చుటకై ఫ్లటర్‌షై తన ఊరికి వచ్చి ఉండవలెనని వర్తకుడు కోరెను. పుస్తకము చేతికందు ఉత్సాహములో డ్యాష్ వెంటనే సరే యనెను. ఫ్లటర్‌షై కాదనలేదు. ఆమె కన్నులలోని విచారమును చూచిన పిమ్మట గాని డ్యాష్‌కు తాను చేసిన పని తెలియలేదు. పుస్తకము చేతికి వచ్చినది. చెలి చేయి దాటిపోవుచున్నది! బేరము రద్దు చేయుమని ఆమె వేడుకొనగా వర్తకుడు ఒప్పుకొనలేదు. తగవు రాజకుమారి ట్వైలైట్ ముందుకు వచ్చినది. లోకమునందలి ఏ వస్తువును స్నేహితునితో సరితూగదు గనుక ఆ మార్పిడి న్యాయమైనది కాదని డ్యాష్ వాదించెను. తీర్పు ఆమె వైపే వచ్చెను.

చిత్రము ముగిసినంతనే మా మనుమరాలు ఆనందముతో చప్పట్లు చఱచినది. ఆమె ప్రక్కన కూర్చున్న మా పొరుగింటి పిల్లవాడు మాత్రము ముఖము ముడుచుకొనెను. అతని తండ్రికి బజారులో చిన్న అంగడి కలదు.

"తాతగారూ, ఇది న్యాయము కాదు. వర్తకుడు మోసము చేయలేదు గదా! అడిగినాడు, వారు సరే యన్నారు. ఫ్లటర్‌షై కూడ ఒప్పుకొన్నది. బేరము కుదిరిన తరువాత మాట తప్పుట తప్పు కాదా? మా నాన్న అట్లు చేసినయెడల మఱునాడు మా అంగడికి ఎవ్వరును రారు" అనెను.

"ఆమె ఇష్టపడి ఒప్పుకొన్నదా? స్నేహితురాలి కోరిక తీరవలెనని ఒప్పుకొన్నది" అని మా మనుమరాలు తీవ్రముగా పలికినది.

"ఎందుకు ఒప్పుకొన్నను ఒప్పుకొన్నట్లే" అని అతడు పట్టు విడువలేదు.

వారిద్దరును నా ముఖము చూచిరి. పిల్లవాని మాటను చిన్నపిల్లల మాటగా త్రోసివేయుటకు వీలులేదు. మాట నిలుపుకొనుటయే వర్తకమునకు ప్రాణము. మాట తప్పువారి నడుమ సంతలు సాగవు; స్నేహములును సాగవు. అందుచేత, మార్పిడి అనునది ఏల మంచిదో మొదట ఆలోచింతము రండని వారితో అంటిని.

మార్పిడిలో పెద్ద యిబ్బంది యొకటి కలదు. నీకు కావలసినది నా వద్ద ఉండవలెను. నాకు కావలసినది నీ వద్దనే ఉండవలెను. రెండును ఒక్కసారిగా కుదురుట అరుదు. ఇంగ్లండు దేశపు ఆర్థికశాస్త్రజ్ఞుడు జెవన్స్ 1875లో ప్రకటించిన గ్రంథమున ఈ చిక్కును వివరించెను. డ్యాష్ సంతయంతయు తిరుగవలసి వచ్చుటకు ఇదియే కారణము. అయినను ఓర్పుగలవారు ఈ చిక్కును దాటగలరు. కెనడా దేశస్థుడు కైల్ మెక్‌డొనాల్డ్ 2005 జూలైలో కాగితములను పట్టియుంచు ఒక ఎఱ్ఱని క్లిప్పుతో మార్పిడి ఆరంభించెను. దానికి చేప ఆకారము గల కలము వచ్చినది. కలమునకు తలుపు పిడి వచ్చినది. ఇట్లు 14 మార్పిడులు జరుగునప్పటికి, 2006 జూలైలో, కిప్లింగ్ అను చిన్న పట్టణమున అతనికి ఒక ఇల్లే వచ్చినది! ఇందు మోసపోయినవా రెవ్వరును లేరు. ప్రతివాడును తాను ఇచ్చినదానికంటె తాను పుచ్చుకొన్నదానినే ఎక్కువ కోరుకొనెను. ఇద్దరును సంతోషముతో ఇంటికి పోవుటయే మంచి మార్పిడికి గుర్తు.

మన కోతి కథ మీకు తెలిసినదే. తోక పోగొట్టుకొన్న కోతి కత్తిని సంపాదించును. కత్తికి కట్టెలు, కట్టెలకు దోసెలు, దోసెలకు డోలు పుచ్చుకొనును. తుదకు డోలు వాయించుచు తన ఘనతను తానే చాటుకొనును. చిన్ననాడు ఆ కథ విని నేను పకపక నవ్వెడివాడను. ఇప్పుడు ఆ కోతిని తలచుకొనిన కొంచెము జాలి కలుగును. అంతమందితో బేరమాడిన ఆ కోతి ప్రక్కన డోలు శబ్దము విని మెచ్చుకొనుటకు ఒక్క నేస్తమైనను లేదు.

ఇక డ్యాష్ బేరమును పరిశీలింతము. పుస్తకము కొఱకు ఆమె ఇచ్చిన దేమి? ఫ్లటర్‌షై రోజులు, ఫ్లటర్‌షై శ్రమ, ఫ్లటర్‌షై స్వేచ్ఛ. వీనిలో ఒక్కటియు డ్యాష్ సొత్తు కాదు. ఒకరి సంచిలోని ధనముతో మఱియొకరు బేరము చేయవచ్చునా? ఫ్లటర్‌షై ఒప్పుకొన్నమాట నిజమే. కాని తనకంటె పుస్తకమే చెలికి ప్రియమని తలచి, మనసు నొచ్చి ఒప్పుకొన్నది. ఎదుటివారు కాదనలేరని తెలిసి అడుగుటయు, కాదనలేక వారు ఇచ్చిన మాటను పూర్ణమైన అంగీకారమని చెప్పుకొనుటయు స్నేహధర్మము కావు.

ఈ కథకు మన పురాణములలో ఒక అక్కగారు కలదు. అదియే శ్రీకృష్ణ తులాభారము. సత్యభామ వ్రతము పేర శ్రీకృష్ణుని నారదునకు దానమిచ్చెను. ఆ దానము మాటతో ముగియక, స్వామి నారదుని వెంట నడువవలసి వచ్చినప్పుడు ఆమె గుండె ఝల్లుమన్నది. విడిపించుకొనుటకై త్రాసులో తన నగలన్నియు పోసినను సిబ్బె కదలలేదు. తుదకు రుక్మిణీదేవి భక్తితో ఉంచిన ఒక్క తులసీదళమునకు త్రాసు మొగ్గెను. సత్యభామ బంగారము అబద్ధపు బంగారము కాదు. తూచవలసినది బంగారముతో తూగునది కాదు, అంతియే.

ఇంతవరకు విని పొరుగింటి పిల్లవాడు, "అయితే వర్తకుడు నష్టపోవలసినదేనా?" అని అడిగెను.

అది సరియైన ప్రశ్న. ఇచ్చిన మాటను వెనుకకు తీసికొనువారు పుచ్చుకొన్న వస్తువును దాచుకొనరాదు. డ్యాష్ అంత కష్టపడి సంపాదించిన పుస్తకమును వదలుకొని స్నేహితురాలిని తెచ్చుకొన్నది. ఈ సంగతి గుర్తుచేయగా అతడు కొంతసేపు ఆలోచించి, "పుస్తకము తిరిగి యిచ్చినది గనుక ఒప్పుకొందును. దాచుకొన్నయెడల ఒప్పుకొనకపోదును" అనెను. అంగడివాని కొడుకు అనిపించుకొన్నాడు! మా మనుమరాలును ఆ మాటకు తల యూపినది.

అదే కథలో మఱియొక చిన్న ముచ్చట కలదు. రారిటీ, యాపిల్‌జాక్ అను ఇద్దరు స్నేహితురాండ్రు తమ సరకులనన్నిటిని కలిపి పెట్టుకొనిరి. ఒకతెకు పాత నగ కావలెను. రెండవదానికి వంటకు వాడు పాత రేకు పళ్లెము కావలెను. నీది ముందు, నాది ముందు అని మొదట తగవులాడిరి. పిమ్మట, నీకొఱకు నేనే ఎక్కువ త్యాగము చేసెదనని తగవులాడిరి! స్నేహములో త్యాగమును సైతము పోటీకి పెట్టిన అది మఱల బేరమే యగునని ఆ చిత్రము నవ్వించుచు చెప్పినది. చివరకు ఒకరికి తెలియకుండ ఒకరు, ఎదుటివారు కోరిన వస్తువునే తెచ్చి యిచ్చుకొనిరి.

ఇట్లనుటచే స్నేహమునకును మార్పిడికిని వైరమని తలపరాదు. అస్సాము రాష్ట్రమున మోరిగావ్ జిల్లాలో ప్రతి సంవత్సరము జనవరి మాసమున, మాఘ బిహు పండుగ దినములలో, జోన్‌బీల్ మేళా జరుగును. కొండలనుండి తివా మొదలగు జాతులవారు అల్లము, పసుపు మొదలైనవి మోసికొని దిగివత్తురు. మైదానమువారు పిండివంటలు, ఎండుచేపలు తెత్తురు. ఆ మార్పిడిలో డబ్బుకు చోటు లేదు. కొండవారికిని మైదానమువారికిని నడుమ సఖ్యము నిలుపుటకే వందల ఏండ్లుగా ఆ సంత సాగుచున్నది. అక్కడ అల్లము, పసుపు చేతులు మారును. మనుష్యులు మాత్రము మిత్రులుగా మిగులుదురు. సరకు ఎక్కడ నిలువవలెనో, స్నేహము ఎక్కడ నిలువవలెనో వారికి తెలియును.

మన ఇండ్లలోను ఈ తెలివి లేకపోలేదు. గ్లాసెడు పంచదార, గుప్పెడు కాఫీపొడి పొరుగింటినుండి చేబదులు తెచ్చుకొందుము. తిరిగి యిచ్చునపుడు కొంచెము ఎక్కువగానే పోయుదుము. కాని పాలు తోడుపెట్టుటకు పొరుగింట అడిగి తెచ్చిన చుక్క మజ్జిగను ఏ తల్లియైనను కొలిచి తిరిగి యిచ్చినదా? ఇచ్చినవారు లెక్క వ్రాసిరా? ఆ చుక్కయే తెల్లవారునప్పటికి కుండెడు పాలను పెరుగుగా మార్చును. ఆ చుక్కకు మన పెద్దలు పెట్టిన పేరు 'తోడు'. మన వెంట నడచు స్నేహితునకును తెలుగులో అదే పేరు.