బఠానీకి అదును ముఖ్యం

పెరట్లో బఠానీ వేద్దామనుకుంటే నా తప్పు మీరు చేయకండి. రెండేళ్లు కోతలు, నూర్పులు అయ్యాక సంక్రాంతి దాటి గింజ పెట్టాను. మొక్క బాగానే ఎదిగింది. పూతకొచ్చేసరికి ఎండలు ముదిరాయి. 30 డిగ్రీలు దాటితే బఠానీ పూత నిలవదు, రాలిపోద్ది.

"చలిదేశం పంట మన కోటవురట్లలో ఏటి కాస్తాది? ఆ చోట ఆనపపాదు పెట్టుకోవచ్చు కదా" అంది మా ఆవిడ.

ఈసారి పంతం పట్టి నవంబరు మొదటి వారంలోనే వేశాను. ఆర్కెల్ రకం గింజ రాత్రంతా నానబెట్టి, అంగుళం లోతున పెట్టి, కందికంప ఊతమిచ్చాను. యూరియా వేయలేదు, వేరు బుడిపెలే నత్రజని తెస్తాయి. డిసెంబరు చలిలో పూత నిలిచింది. సంక్రాంతికి కాయ కోశాం, కిలోన్నర.

మా ఆవిడ ఏమీ అనలేదు. పది కాయలు మాత్రం విత్తనానికని తీగకే ఉంచేసింది.