గడుల్లో నిలిచిన మనిషి

1981లో జపాను దేశపు నింటెండో సంస్థ వెలువరించిన ‘డాంకీ కాంగ్’ అనే వీడియో క్రీడలో ఒక బుల్లి మనిషి నిచ్చెనలెక్కుతూ, దొర్లివచ్చే పీపాలను దాటుతూ పోతాడు. అనంతరకాలంలో మారియో పేరిట లోకప్రసిద్ధుడైన ఆ మనిషికి గుబురు మీసమూ టోపీ ఉండడానికి మూలకారణం స్థలాభావం. కొద్దిపాటి గడులలో నోరు గీయడం సాధ్యం కాక, రూపకర్త షిగెరు మియమోటో ముక్కు కింద మీసం పెట్టాడు. జుట్టు చిత్రించే బాధ తప్పించుకోవడానికి టోపీ పెట్టాడు. పరుగులో చేతులు విడిగా కనబడాలి గనుక వేరే రంగు పనిబట్టలు తొడిగాడు. ఆనాటి యంత్రాల పేదరికమే ఆ పాత్రకు రూపురేఖలు దిద్దిందనాలి.

నేటి తెరలు కోటీ అరవై లక్షలకు పైగా రంగులను చూపగలవు. అయినా ఆ పాత పేదరికాన్ని కోరి వరించి, కొద్ది గడులలో, కొద్ది రంగులతో బొమ్మలు దిద్దడం ఎందరికో తీరిక వేళల వ్యాపకమయింది. విజయవాడలో విశ్రాంత జీవితం గడుపుతున్న ఒక ఉపాధ్యాయిని వారిలో ఒకరు. వయస్సు డెబ్బయి.

మనవడు పలకవంటి యంత్రాన్ని చేతికిచ్చి విధానం చూపినప్పుడు ఆమె ఏమాత్రం తడబడలేదు. గళ్ళబట్ట మీద దారంతో చిలుకలనూ హంసలనూ కుట్టిన చేయి అది; ముందు గ్రాఫు కాగితం మీద గడులు నింపి, ఆ లెక్క ప్రకారం సూది నడిపేవారు ఆ కాలపు ఆడపిల్లలు. ఇందులో వింత లేదు. 1984లో వెలువడిన ఆపిల్ వారి మెకింటాష్ కంప్యూటరుకు చిహ్నాలు రూపొందించిన సూసన్ కేర్ కూడా గ్రాఫు కాగితంతోనే ఆరంభించింది. ఒక్కొక్క చిహ్నానికి అడ్డం 32, నిలువు 32, వెరసి 1,024 గడులు. గళ్ళబట్ట కుట్టుపనీ, రంగురాళ్ళ కూర్పూ ఆమెకు అక్కరకు వచ్చిన విద్యలు.

ఉపాధ్యాయిని కూడా ఆ 1,024 గడులనే హద్దుగా పెట్టుకున్నది. రంగులు మూడే. 1983 నాటి నింటెండో గృహక్రీడాయంత్రంలో కదిలే బొమ్మ ముక్క ఒక్కొక్కదానికి లభించిన రంగులు అన్నే.

ఆమె గీయదలచినది తన తండ్రిని. ఆయన బుర్రకథ దళంలో హాస్యపు వంత. కథకుడు తంబురా మీటుతూ అందెలు మ్రోగిస్తూ కథ నడిపితే, పక్కన గుమ్మెట వాయిస్తూ చమత్కారాలు విసిరి జనాన్ని నవ్వించేవాడు. 1962లో, ఆమెకు ఏడేళ్ళప్పుడు, కాలం చేశాడు. ఇంట ఒక్క ఫొటో అయినా లేదు. పెన్సిలుతో ఆయన ముఖం గీయాలని ఆమె నడివయస్సులో పలుమార్లు ప్రయత్నించింది. ఒకసారి అన్నగారి పోలిక వచ్చింది, మరొకసారి ఎవరో సినిమా నటుని పోలిక. అన్నీ చించివేసింది. ఈమధ్య మనవడు కృత్రిమ మేధను అడిగి క్షణంలో తెప్పించిన బుర్రకథ కళాకారుని బొమ్మ మిలమిల మెరిసింది గాని, ఆ నవ్వు ఎవరిదో ఆమెకు తెలియలేదు.

గడుల బొమ్మ ముఖాన్ని అడగదు. దానికి తలంతా కలిపి ఎనిమిది గడుల వెడల్పు. కళ్ళంటే రెండు నల్లని చుక్కలు. అది అడిగేది నిలుచున్న తీరు. ఆ తీరు ఆమెకు కంఠస్థమై ఉన్నది. పెట్రోమాక్సు వెలుగులో, జనం వెనుక అరుగు మీద నిలబడి చూసిన పిల్లకు ముఖం ఏం కనబడుతుంది? కథకుడు చరణం ముగించగానే నాన్న నడుము నుండి వెనుకకు వాలి, ఎడమకాలి మీద బరువు మోపి, కుడి మడమ ఎత్తేవాడు. అది కనబడేది.

తలపాగాకు ఎరుపు, అంగీకి పసుపు, ఒంటికీ గుమ్మెటకూ గోధుమరంగు సరిపోయాయి. బొమ్మ మాత్రం వారం రోజులు పరాయివాడిగానే నిలిచింది. భుజాల వరుసను ఒక్క గడి వెనుకకు జరిపిన రాత్రి, తెర మీద ఉన్న మనిషి వాలాడు. ఆమె చేతిలోని కలం పక్కన పెట్టి, దీపం ఆర్పకుండానే చాలాసేపు కూర్చున్నది.

మర్నాడు ఎవరి బొమ్మో చెప్పకుండా గుంటూరులోని అక్కకు ఫోనులో పంపింది. అక్క పదేళ్ళు పెద్ద. తండ్రిని ఎక్కువకాలం ఎరిగిన మనిషి. జవాబు సాయంత్రానికి గాని రాలేదు.

“నాన్న తలపాగా కుచ్చు కుడివైపు వేలాడేదే! ఎడమవైపు పెట్టావేమిటి?”

కుచ్చుకు పట్టినవి నాలుగు గడులు. వాటిని చెరిపి ఆవలివైపు పెట్టడానికి నిమిషం పట్టలేదు.