చిక్కడపల్లి గ్రంథాలయము

హైదరాబాదున చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయమును మావారితోఁ గూడ మేము చూచి వచ్చితిమి. లోపల బల్లలు చాలక, యువతీయువకులు బయటను పుస్తకములు విప్పి కూర్చుండిరి. పలువురు పట్టభద్రులే, సర్కారు కొలువుల పరీక్షలకు చదువుచున్నారు. చేరువనున్న అశోకనగరు వీథులలో నెటు చూచినను శిక్షణ కేంద్రములే.

ఒక యమ్మాయి చేత తిక్కనగారి ఉద్యోగపర్వమును గాంచి పలుకరించితిమి. ఆమె చదివినది సివిలు ఇంజనీరింగు! సివిల్ సర్వీసు పరీక్షకు ఏ పట్టమైనను చాలునట. ఆమె ఐచ్ఛికముగా తెలుగు సాహిత్యమును గైకొన్నది. దానికి 500 మార్కులు. శ్రీకృష్ణ రాయబారము అందలి పాఠ్యము.

"నాలుగేండ్ల ఫీజులు నీటఁ గలిపితివని ఇంట నిష్ఠురమాడుచున్నారు, అక్కయ్యగారూ" అని యామె కన్నులు దించుకొనెను.

ఇంట నేర్చిన చదువుతో మేమొక పద్యమునకు సంధులు విడదీసి చూపితిమి. లెక్కను సాధించునట్లు ఆమె తక్కిన పద్యమునకు తానే అన్వయము కుదుర్చుకొనెను. ఆ నాలుగేండ్లు నీటఁ గలియలేదని మాకు తోఁచినది.

సోదరీమణులారా! ఈ పరీక్షకు సామాన్య వర్గమువారికి 32 ఏండ్లలోపున ఆరు పర్యాయములే అవకాశము. మీ యింట నిట్టి బిడ్డ యున్నచో, గడచిన వ్యయమును లెక్కింపక, ఎన్నేండ్లు యత్నింతువు, ఫలింపనిచో నేమి చేయుదువు అని చల్లగా నడుగుఁడు.