లోడు దొరకని రోజు

మాది బీదర్. నాయినకు సొంత లారీ ఉంది, కేఏ 38 బండి. పక్క డోర్లు ఉండవు. మిషన్లు, ఇనుప సామాను వేస్తాడు. ఓనరూ ఆయనే, డ్రైవరూ ఆయనే. జహీరాబాద్ దగ్గర 65వ నంబరు జాతీయ రహదారి ఎక్కి పటాన్‌చెరు వస్తాడు. పగలు సిటీలోకి పెద్ద బండ్లను రానీయరు కదా, బండి అక్కడే పెట్టి బస్సులో మా హాస్టల్‌కు వస్తాడు, జామకాయల కవరుతో.

పోయిన నెల మూడుసార్లు వచ్చాడు. సంబరంగా అమ్మకు ఫోన్ చేస్తే, “రిటర్న్ లోడు దొరకలేదన్నట్టు” అంది. ఖాళీగా పోతే డీజిల్ మీద పడుతుంది. ఆగితే కిస్తీ ఆగదు.

“నిన్ను చూడాలనిపించి వచ్చిన బిడ్డా” అంటాడు నాయిన.

మొన్న మాట మధ్యలో ఫోన్ మోగింది. “హుమ్నాబాద్‌కు మిషన్ ఉందట” అని లేచాడు. బస్టాప్ దాకా నేనే తొందరపెట్టి నడిపించాను.