చెరగని డిస్కు మీద విడతలవారీ బ్యాకప్

సీడీ-ఆర్, డీవీడీ-ఆర్, బీడీ-ఆర్ డిస్కుల మీద ఒకసారి రాసింది చెరగదు. అయినా వాటి మీద విడతలవారీగా బ్యాకప్ తీయొచ్చు. విశాఖ వన్ టౌన్‌లో కురుపాం మార్కెట్‌కు దగ్గర్లోని ఒక ఫొటో స్టూడియోలో నేను చూసింది ఈ పనే. మొదటి విడతలో పెళ్లి ఫొటోలన్నీ డిస్కుకెక్కుతాయి. ఆ తర్వాత కొత్తవీ, మారినవీ మాత్రమే ఎక్కుతాయి. ఇదే ఇంక్రిమెంటల్ బ్యాకప్.

ఒక్కో విడతను సెషన్ అంటారు. సెషన్ ముగిసినా డిస్కును ఫైనలైజ్ చేయకుండా, అంటే ఇక రాయడానికి వీల్లేకుండా మూసేయకుండా, ఉంచితేనే తర్వాతి సెషన్‌కు వీలుంటుంది. ప్రతి సెషన్‌లోనూ ఫైళ్లతో పాటు వాటి జాబితా కూడా పడుతుంది. స్టూడియో కుర్రాడు డిస్కు పెట్టి, తెర మీద ‘కంటిన్యూ మల్టీసెషన్’ ఎంచుకోగానే సాఫ్ట్‌వేర్ పాత జాబితాను చదివి కొత్తదాంట్లో కలుపుకుంది. అసలు కీలకం ఇక్కడే ఉంది. ఈ ఒక్కటీ మరిచిపోతే డిస్కులో కొత్త ఫైళ్లే కనిపిస్తాయి. పాతవి ఎక్కడికీ పోవు గానీ, వాటికి దారి చూపే జాబితా వెనకబడిపోతుంది. వెనకటి సెషన్‌ను తెరిచే సాఫ్ట్‌వేర్‌తో వాటిని బయటికి తీయొచ్చు. పొరపాటున మార్చిన ఫొటో పాత రూపం కూడా అలాగే దొరుకుతుంది.

సెషన్లు ఉచితంగా రావు. 700 ఎంబీ సీడీలో మొదటి సెషన్ ముగింపుకు సుమారు 22 ఎంబీ, ఆపై ప్రతిదానికీ సుమారు 13 ఎంబీ ఖర్చవుతుంది. 2 ఎంబీ బిల్లుల కోసం రోజూ సెషన్ తెరవడం దండగే. 25 జీబీ బీడీ-ఆర్‌లో ఈ బెడద లేదు.

చెరగకపోవడమే ఈ డిస్కుల బలం. 2017 మేలో వాన్నాక్రై రాన్సమ్‌వేర్ ఆంధ్రప్రదేశ్ పోలీసు కంప్యూటర్లను కూడా తాకింది. అలాంటి వైరస్ పడితే కంప్యూటర్‌కు తగిలించి ఉన్న హార్డ్ డిస్కుల్లోని ఫైళ్లకూ తాళం పడుతుంది. రాసేసిన డిస్కును అది ముట్టలేదు. కానీ తుపానుకు ఏ డిస్కూ అతీతం కాదు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను తీరం దాటింది విశాఖ దగ్గరే. రెండో ప్రతిని ఊరు దాటించాల్సిందే.

ప్రతి సెషన్ తర్వాత డిస్కును బయటికి తీసి, మళ్లీ పెట్టి, ఫైళ్ల చెక్‌సమ్‌లను, అంటే ఫైల్లోని డేటా నుంచి లెక్కగట్టే సంఖ్యలను, అసలువాటితో పోల్చాలి. చాలామంది వదిలేసేది ఈ మెట్టునే. డిస్కును దాచడంలోనూ జాగ్రత్త కావాలి. సీడీలో అద్దంలా మెరిసే పొర పేరు రాసే వైపు పలుచటి పూత కిందే ఉంటుంది కాబట్టి అటు గీత పడితే ముప్పు ఎక్కువ. డీవీడీలో అది రెండు 0.6 మి.మీ. పలకల మధ్య భద్రంగా ఉంటుంది. రంగు పొర ఉన్న డిస్కులకు ఎండా, తీరపు తేమా పడవు.

డిస్కు నిండితే ఫైనలైజ్ చేసి కొత్తది మొదలుపెడతారు. రెండో డిస్కులోనూ మార్పులే రాస్తే, ఫైళ్లు తిరిగి తెచ్చుకోవడానికి రెండూ వరసగా కావాలి. ఒకటి పాడైతే గొలుసు తెగుతుంది. అందుకే కొత్త డిస్కులో ముందు మొత్తం బ్యాకప్, ఆపైనే మార్పులు.